ఊపిరిలో కాలేయ క్యాన్సర్ జాడ

కాలేయ క్యాన్సర్ మొదట్లో మనిషిని బాధపెట్టదు. కాలేయం లోపలి భాగానికి నొప్పి తెలిపే నరాలు లేవు. గడ్డ పెరిగి పైపొరను సాగదీసినప్పుడే కుడి డొక్కలో బరువు, నొప్పి మొదలవుతాయి. పచ్చకామెర్లు, కడుపులో నీరు, తిండి సహించకపోవడం ఆ తర్వాతి సంగతులు. ప్రపంచం మొత్తం మీద 2022లో సుమారు 8,66,000 మందికి ఈ క్యాన్సర్ కొత్తగా బయటపడిందనీ, 7,58,000 మంది దీనితో చనిపోయారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఈ రెండు అంకెలూ ఇంత దగ్గరగా ఉండటానికి ప్రధాన కారణం జబ్బు ఆలస్యంగా బయటపడటమే.

ముందే కనిపెడితే కథ మారుతుంది. గడ్డ చిన్నదై, కాలేయం ఇంకా పనిచేస్తూ ఉంటే కోసి తీసేయవచ్చు, సూదితో వేడి పంపి మాడ్చవచ్చు, కొందరికి కాలేయ మార్పిడి చేయవచ్చు. ఇటలీలోని మిలాన్ నగర వైద్యులు 1996లో ఒక హద్దు గీశారు: ఒకే గడ్డ అయితే అయిదు సెంటీమీటర్లు మించకూడదు, మూడు వరకు ఉంటే ఒక్కొక్కటి మూడు సెంటీమీటర్లు మించకూడదు. ఆ హద్దులో మార్పిడి చేయించుకున్నవారిలో నాలుగేళ్ల తర్వాత 75 శాతం మంది బతికి ఉన్నారు. కాబట్టి ప్రశ్నంతా ఆ చిన్న గడ్డను ఎలా పట్టుకోవాలన్నదే. ఊపిరి పరీక్ష గురించి పరిశోధకులు ఆలోచించడం మొదలైంది ఇక్కడి నుంచే.

ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతి ఆరు నెలలకోసారి పొట్ట అల్ట్రాసౌండ్ స్కానింగ్, దానితోపాటు రక్తంలో ఆల్ఫా ఫీటోప్రోటీన్ పరీక్ష. ఈ ప్రోటీన్‌ను కాలేయ క్యాన్సర్ ఉన్న ఎలుకల్లో సోవియట్ శాస్త్రవేత్త అబేలెవ్ 1963లో గుర్తించగా, మరుసటి ఏడాది తతారినోవ్ రోగుల రక్తంలో చూశాడు. అరవై ఏళ్లు గడిచినా దాన్ని పూర్తిగా పక్కన పెట్టగల పరీక్ష రాలేదు. అయితే దాని బలహీనత కూడా అంతే పాతది: చిన్న గడ్డలున్న చాలామందిలో అది పెరగదు, క్యాన్సర్ లేని హెపటైటిస్ రోగుల్లో కొన్నిసార్లు పెరుగుతుంది. 2018లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ ప్రకారం సిరోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడే జబ్బు) రోగుల్లో తొలి దశ క్యాన్సర్‌ను స్కానింగ్ ఒక్కటే 45 శాతం సందర్భాల్లో పట్టుకుంటుంది. రక్త పరీక్ష కూడా కలిస్తే 63 శాతం. అంటే క్రమం తప్పకుండా వచ్చే రోగుల్లో కూడా మూడో వంతుకు పైగా జారిపోతున్నారు. అయినా ఈ పద్ధతి ప్రాణాలు నిలుపుతుందని చైనాలోని షాంఘైలో రుజువైంది. అక్కడ హెపటైటిస్-బి సోకిన లేదా దీర్ఘకాల కాలేయ జబ్బున్న దాదాపు 19 వేల మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆరు నెలలకోసారి ఈ రెండు పరీక్షలూ చేశారు. చేయాల్సిన పరీక్షల్లో 60 శాతం కూడా పూర్తి కాకపోయినా, ఆ గుంపులో కాలేయ క్యాన్సర్ మరణాలు 37 శాతం తగ్గాయి. 2004లో వెలువడిన ఆ ఫలితం ఈ రంగంలో ఇప్పటికీ ఆధారశిల.

ఊపిరి విషయానికి వస్తే, దాని వెనుక ఉన్న తర్కం సరళమైనది. రక్తంలో తేలికగా ఆవిరయ్యే పదార్థాలు ఊపిరితిత్తుల గాలిగదుల దగ్గర పలచని పొరను దాటి గాలిలోకి వస్తాయి. మద్యం తాగి బండి నడిపేవారిని పోలీసులు పట్టుకునేది ఈ సూత్రంతోనే. ఒక లీటరు రక్తంలో ఉండే మద్యం సుమారు 2,100 లీటర్ల ఊపిరిలో ఉంటుందన్న లెక్క మీద ఆ యంత్రం నడుస్తుంది. మద్యం రక్తంలో పుష్కలంగా ఉంటుంది కాబట్టి చేతిలో పట్టే పరికరం చాలు. శరీరం తనంతట తాను తయారుచేసే పదార్థాలు అలా కావు. అవి గాలిలో వందకోట్ల భాగాలకు ఒకటి రెండు, కొన్నిసార్లు అంతకంటే తక్కువ ఉంటాయి. 1971లో అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ బృందం ఊపిరిని చల్లబరిచి, కూడబెట్టి, గ్యాస్ క్రొమటోగ్రఫీతో విడదీసి చూస్తే దాదాపు 250 పదార్థాలు కనిపించాయి. తర్వాతి పరిశోధనల్లో ఆ సంఖ్య వేలకు చేరింది.

కాలేయానికీ ఊపిరికీ ఉన్న సంబంధం మాత్రం పాలింగ్ కంటే చాలా పాతది. కాలేయం పూర్తిగా దెబ్బతిన్న రోగి నోటి నుంచి తీపీ కుళ్లూ కలిసినట్టుండే ఒక వాసన వస్తుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. ఆ వాసనలో ప్రధాన భాగం డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధక పదార్థానిదని తర్వాత తేలింది. పేగుల నుంచి వచ్చిన గంధక పదార్థాలను కాలేయం శుభ్రం చేయలేకపోతే అవి రక్తంలో తిరిగి ఊపిరిలోకి చేరతాయి. మరో గుర్తు లిమొనీన్. నిమ్మ, నారింజ తొక్కల్లో ఉండే ఈ నూనె పదార్థం తిండితో లోపలికి పోయి, మామూలుగా కాలేయపు ఎంజైముల వల్ల విరిగిపోతుంది. సిరోసిస్ ఉన్నవారిలో అది విరగక, కొవ్వులో నిల్వై, ఊపిరిలో కొద్దికొద్దిగా బయటపడుతుంది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, కాలేయ మార్పిడి తర్వాత కొద్ది రోజుల్లో రోగుల ఊపిరిలో లిమొనీన్ క్రమంగా తగ్గింది. కొత్త కాలేయం పని మొదలుపెట్టిందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఊపిరి సాక్ష్యం దొరకడం కష్టం.

అయితే లిమొనీన్ చెప్పేది కాలేయం బలహీనపడిందని. అందులో క్యాన్సర్ ఉందని కాదు. ఈ రంగంలో అసలు చిక్కు ఇదే. కాలేయ క్యాన్సర్ రోగుల్లో ఎక్కువమందికి ముందే సిరోసిస్ ఉంటుంది. క్యాన్సర్ రోగుల ఊపిరిని ఆరోగ్యవంతుల ఊపిరితో పోలిస్తే కనిపించే తేడాలో పెద్ద భాగం సిరోసిస్ వల్ల వచ్చిందే కావచ్చు. సిరోసిస్ ఉండి క్యాన్సర్ లేనివారితో పోల్చినప్పుడు మిగిలే తేడాయే వైద్యుడికి పనికొచ్చేది, అది ఎప్పుడూ చిన్నదిగానే ఉంటోంది.

చైనా పరిశోధకులు 2010లో 30 మంది క్యాన్సర్ రోగులను, 27 మంది సిరోసిస్ రోగులను, 36 మంది ఆరోగ్యవంతులను పోల్చి మూడు పదార్థాలను సూచించారు: 3-హైడ్రాక్సీ-2-బ్యూటనోన్, స్టైరీన్, డెకేన్. వీటిలో మొదటిదే ఎక్కువ ఆశ కలిగించింది. స్టైరీన్ ప్లాస్టిక్ వస్తువుల నుంచీ సిగరెట్ పొగ నుంచీ కూడా వస్తుంది కాబట్టి దాన్ని క్యాన్సర్ గుర్తుగా నమ్మడం తొందరపాటు. డెకేన్ వంటి హైడ్రోకార్బన్లకు ఒక వివరణ ఉంది: కణాల పైపొరల్లోని కొవ్వులు ఆక్సీకరణకు గురైనప్పుడు ఇలాంటి పదార్థాలు పుడతాయి. అయితే ఆ ఆక్సీకరణ వాపు ఉన్న ప్రతి జబ్బులోనూ జరుగుతుంది.

పదేళ్ల తర్వాత అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ చేసిన పని ఇంకొంచెం గట్టిది. అక్కడ 296 మంది ఊపిరి తీసుకున్నారు. వారిలో 112 మందికి కాలేయ క్యాన్సర్, 30 మందికి సిరోసిస్, 51 మందికి పెద్దపేగు నుంచి కాలేయానికి పాకిన క్యాన్సర్ ఉన్నాయి. మిగతావారిలో ఊపిరితిత్తుల రక్తపోటు రోగులు, ఆరోగ్యవంతులు ఉన్నారు. ఇరవై రెండు పదార్థాల మోతాదులను కొలిచి, కంప్యూటర్‌కు నేర్పి వర్గీకరించగా క్యాన్సర్‌ను 73 శాతం మందిలో పట్టుకోగలిగింది. అదే రోగుల్లో ఆల్ఫా ఫీటోప్రోటీన్ పట్టుకున్నది 53 శాతాన్ని. థాయిలాండ్‌లోని చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయం ఆ తర్వాత తొలి దశ రోగుల మీద దృష్టి పెట్టింది. హెపటైటిస్-బి ఎక్కువగా ఉండే ఆసియా దేశంలో జరిగిన పని కాబట్టి భారత పాఠకుడికి దాని విలువ ఎక్కువ.

ఈ అధ్యయనాలన్నిటిలోనూ ఒకే రకమైన లోపాలున్నాయి. ఒక్కో బృందం ఒక్కో పదార్థాల జాబితా ఇచ్చింది, ఆ జాబితాలు ఒకదానితో ఒకటి సరిపోవడం లేదు. యంత్రాలు వేరు, ఊపిరి పట్టే పద్ధతి వేరు, రోగుల తిండి వేరు. పైగా ఇవన్నీ క్యాన్సర్ ఉందని ముందే తెలిసినవారి ఊపిరి మీద చేసినవి. రాబోయే ఏడాదిలో ఎవరికి క్యాన్సర్ వస్తుందో తెలియని సిరోసిస్ రోగుల ఊపిరిని ముందే దాచి, తర్వాత ఎవరికి వచ్చిందో చూసి సరిపోల్చితేనే ముందస్తు గుర్తింపు అన్న మాటకు అర్థం. కాలేయ క్యాన్సర్ ఊపిరి పరీక్ష ఆ మెట్టును ఇంకా గట్టిగా ఎక్కలేదు.

వైద్యంలో నిలదొక్కుకున్న ఊపిరి పరీక్షలను చూస్తే ఈ వెలితి ఎక్కడుందో బోధపడుతుంది. కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ క్రిమి కోసం చేసే పరీక్షలో రోగికి ప్రత్యేక కార్బన్ ఉన్న యూరియా తాగిస్తారు. మనిషి కణాల్లో లేని, ఆ క్రిమిలో ఉన్న ఎంజైమ్ యూరియాను విరిచి, అదే కార్బన్‌తో బొగ్గుపులుసు వాయువును ఊపిరిలోకి పంపుతుంది. పాలు పడనివారికి చేసే హైడ్రోజన్ పరీక్ష కూడా అంతే: మనిషి కణాలు హైడ్రోజన్ తయారుచేయవు, పేగుల్లోని సూక్ష్మజీవులే చేస్తాయి. ఏ వాయువు ఎవరిదో ముందే తెలుసు కాబట్టి తికమక లేదు. కాలేయం పనితీరును కొలవడానికీ ఇలాంటి దారి ఉంది. మెథాసెటిన్ అనే పదార్థానికి గుర్తు కార్బన్ తగిలించి తాగిస్తే, బలమైన కాలేయం దాన్ని త్వరగా విరుస్తుంది, బలహీనమైనది నెమ్మదిగా. క్యాన్సర్ కణానికి మాత్రమే ఉన్న ఎంజైమ్ ఏదైనా దొరికి, దాని మీద పనిచేసే పదార్థాన్ని రోగికి ఇచ్చి, ఊపిరిలో ఫలితం చూడగలిగితే అప్పుడు ఈ పరీక్షకు నిజమైన పునాది పడుతుంది. శరీరం తనంతట తాను వదిలే వందల పదార్థాల్లో వెతకడం కన్నా ఈ దారే ఎక్కువ ఆశ కలిగిస్తోంది.

పరీక్ష ఎంత మంచిదన్నది ఎవరి మీద వాడుతున్నారన్న దానిపై కూడా ఆధారపడుతుంది. ఒక ఊహా లెక్క చూడవచ్చు. క్యాన్సర్ ఉన్నవారిలో 75 శాతాన్ని పట్టుకుని, లేనివారిలో 80 శాతాన్ని సరిగ్గా లేదని చెప్పే ఊపిరి పరీక్ష ఉందనుకుందాం. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు గమనించిన ప్రకారం భారతీయ సిరోసిస్ రోగుల్లో ఏటా నూటికి 1.6 మందికి కాలేయ క్యాన్సర్ వస్తుంది. వెయ్యి మంది సిరోసిస్ రోగుల్లో 16 మందికి క్యాన్సర్ ఉంటే పరీక్ష 12 మందిని పట్టుకుంటుంది, నలుగురిని వదిలేస్తుంది, క్యాన్సర్ లేని 197 మందికి ఉందేమోనన్న భయం పుట్టిస్తుంది. ఆ 209 మందికీ సీటీ స్కాన్ చేయించాలి. అది కష్టమే అయినా సాధ్యం. ఇదే పరీక్షను సిరోసిస్ ఉందో లేదో తెలియని లక్షమంది పెద్దల మీద ప్రయోగిస్తే, అందులో మూడు నాలుగు క్యాన్సర్లు ఉన్నా, ఇరవై వేల మందిని అనవసరంగా ఆసుపత్రికి పంపాల్సి వస్తుంది. ఊరూరా ఊపిరి ఊదించి క్యాన్సర్ పట్టేస్తామన్న ప్రకటన ఎవరు చేసినా ఈ లెక్క ముందు నిలవదు.

ఇలాంటి పరీక్ష ఒక జిల్లాలో ఎలా పనికొస్తుందో చూడటానికి కర్ణాటకలోని రాయచూరు మంచి ఉదాహరణ. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 19.29 లక్షల మంది ఉన్నారు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన ఈ జిల్లాలో తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు వచ్చాక ఆంధ్ర కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో క్యాంపులు కట్టుకున్నారు. నీతి ఆయోగ్ దేశంలో వెనుకబడినవిగా గుర్తించి ప్రత్యేక శ్రద్ధ పెట్టిన జిల్లాల్లో కర్ణాటక నుంచి ఉన్నవి రాయచూరు, యాదగిరి. జిల్లా కేంద్రంలో ప్రభుత్వ వైద్య కళాశాల, రిమ్స్, 2007లో మొదలైంది. ఎయిమ్స్ కావాలంటూ 2022 నుంచి ఇక్కడ సాగిన ఆందోళన, పెద్ద జబ్బు వస్తే హైదరాబాద్‌కో బెంగళూరుకో పరుగెత్తాల్సిన బాధ నుంచి పుట్టింది.

కాలేయ క్యాన్సర్‌కు దారితీసే కారణాలు ఇక్కడ వేరుగా ఏమీ లేవు: హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, మద్యం, మధుమేహంతో వచ్చే కొవ్వు కాలేయం. వేరుశనగ పండే, అమ్ముడయ్యే ప్రాంతం కాబట్టి అఫ్లాటాక్సిన్ గురించి కూడా చెప్పుకోవాలి. తేమ తగిలి బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్నల్లో పుట్టే ఈ విషం 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లను చంపినప్పుడు లోకానికి తెలిసింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడి 106 మంది చనిపోయిన ఘటనను పరిశోధించింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. హెపటైటిస్-బి ఉన్న మనిషి అఫ్లాటాక్సిన్ కూడా తింటే క్యాన్సర్ ముప్పు విడివిడి ముప్పుల కంటే అనేక రెట్లు పెరుగుతుంది. కాయలు బాగా ఎండబెట్టి, పుచ్చు గింజలు ఏరేసి, వాటిని గానుగకు కూడా పంపకపోవడం ఏ యంత్రమూ అక్కర్లేని క్యాన్సర్ నివారణ.

ఇక ఊపిరి పరీక్ష ఈ నేల మీద ఎలా నడుస్తుందో చూడాలి. వేసవిలో రాయచూరు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఊపిరి పట్టిన సంచుల నుంచి పదార్థాలు కారిపోతాయి. పదార్థాలను పీల్చి పట్టే గొట్టాల్లో నింపినా వాటిని చల్లగా ఉంచి, కొలిచే ప్రయోగశాలకు చేర్చాలి. చుట్టుపక్కల గాలి ఇంకో సమస్య. శక్తినగర్‌లో 1985 నుంచి బొగ్గు మండిస్తున్న థర్మల్ కేంద్రం, కట్టెల పొయ్యి పొగ, పత్తి చేలల్లో కొట్టే పురుగుమందులు అన్నీ మనిషి పీల్చి వదిలే గాలిలో కలుస్తాయి. ఊదేవారి నోట్లో బీడీ, గుట్కా, తమలపాకు వాసనలు సరేసరి. ఖాళీ కడుపుతో ఉన్నవారికీ మధుమేహ రోగులకూ ఊపిరిలో అసిటోన్ పెరుగుతుంది. గదిలోని గాలిని కూడా విడిగా కొలిచి తీసేయాలి, రాత్రి భోజనం నుంచి ఉపవాసం ఉంచాలి, చివర్లో వచ్చే లోతైన ఊపిరినే పట్టాలి. క్లీవ్‌లాండ్‌లో నేర్పిన కంప్యూటర్ లెక్కను ఇక్కడి జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ కారం తినే రోగుల మీద యథాతథంగా వాడితే తప్పు ఫలితాలే వస్తాయి. ఇక్కడి ఊపిరితోనే దాన్ని మళ్లీ నేర్పించాలి.

ఇన్ని ఇబ్బందులున్నా ఈ పరీక్షను తోసిపుచ్చకూడదని చెప్పే బలమైన కారణం ఒకటి ఉంది. స్కానింగ్ మన పల్లెలకు వెళ్లడం కష్టం. పుట్టబోయే బిడ్డ లింగ నిర్ధారణను అడ్డుకునే 1994 చట్టం కింద ప్రతి స్కానింగ్ యంత్రాన్నీ నమోదు చేయాలి. నమోదైన ఆవరణ దాటించి ఊళ్లకు తిప్పడం మీద కఠినమైన ఆంక్షలున్నాయి. ఆడపిల్లల ప్రాణాలు కాపాడే ఆ చట్టం అవసరమే, సడలించాల్సిందీ కాదు. దాని ఫలితంగా దేవదుర్గ తాలూకాలోని సిరోసిస్ రోగి ఆరు నెలలకోసారి పట్నానికి రావాలి, కూలి పోగొట్టుకోవాలి, వరుసలో నిలబడాలి. లావుగా ఉన్నవారిలో, కొవ్వు కాలేయం ఉన్నవారిలో స్కానింగ్ సరిగా కనిపించదు కూడా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు పట్టగల ఊపిరి నమూనా, స్కానింగ్‌కు ఎవరిని ముందు పంపాలో చెప్పగలిగినా చాలు, దాని మేలు పెద్దది.

ఆ రోజు వచ్చేదాకా పనికొచ్చే గొలుసు ఇప్పటికే ఉంది, దాని మొదటి లంకె బలహీనంగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022 నాటికి భారతదేశంలో 2.98 కోట్ల మందికి హెపటైటిస్-బి, 55 లక్షల మందికి హెపటైటిస్-సి ఉన్నాయి. వీరిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జులై 28న మొదలయ్యాక రక్త పరీక్ష, మందులు ఉచితంగా అందుతున్నాయి. హెపటైటిస్-సి ఎక్కువమందిలో పన్నెండు వారాల మాత్రలతో నయమవుతుంది. హెపటైటిస్-బి పూర్తిగా పోకపోయినా రోజుకో మాత్రతో అదుపులో ఉంటుంది, క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది. టీకా అన్నిటికంటే ముందుది: హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్ 1997లో దేశీయంగా తయారుచేశాక దాని ధర సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. పుట్టిన 24 గంటల్లో వేసే మొదటి మోతాదు తల్లి నుంచి బిడ్డకు సోకకుండా చాలావరకు ఆపుతుంది. తైవాన్ 1984లో పిల్లలకు ఈ టీకా మొదలుపెట్టి, 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్‌ను సగానికి తగ్గించింది.

కామెర్లు రాగానే పసరు మందుకు వెళ్లే అలవాటు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, సరిహద్దుకు ఇవతల రాయచూరులోనూ ఉంది. వైరస్ కామెర్లలో కొన్ని వాటంతటవే తగ్గుతాయి కాబట్టి పసరు పనిచేసిందన్న నమ్మకం బలపడుతుంది. కామెర్లు తగ్గాక హెపటైటిస్-బి లోపలే మిగిలిందా అని చూసే రక్త పరీక్ష మాత్రం జరగదు. పసరు తాగినా తాగకపోయినా ఆ ఒక్క పరీక్ష చేయించమని చెప్పడం ఆశా కార్యకర్తల పనిలో భాగం కావాలి.

ఊపిరి పరిశోధనకు రాయచూరు వంటి జిల్లా ఇవ్వగలిగిన వస్తువు కూడా ఇక్కడే ఉంది. హెపటైటిస్ కార్యక్రమంలో నమోదై మందులు వాడుతున్న రోగులు, సిరోసిస్‌తో రిమ్స్‌కు వచ్చే రోగులు ఆరు నెలలకోసారి ఎలాగూ స్కానింగ్‌కు రావాలి. అదే రోజు వారి సమ్మతితో ఊపిరి నమూనా కూడా తీసి, గది గాలితో సహా గొట్టాల్లో చల్లగా దాచి, హైదరాబాద్ లేదా బెంగళూరు ప్రయోగశాలల్లో కొలిస్తే, కొన్నేళ్లలో ఎవరికి క్యాన్సర్ వచ్చిందో, వారి పాత ఊపిరి ఏం చెప్పిందో తెలుస్తుంది. ఊపిరి పరీక్షకు ఇప్పటిదాకా గట్టిగా దొరకని సాక్ష్యం అదే. కర్ణాటక వైద్య విద్యాశాఖ, భారత వైద్య పరిశోధన మండలి ఈ పనికి నిధులు ఇవ్వాలి. జిల్లా పాఠకులు మాత్రం దాని కోసం ఆగకూడదు: ఎప్పుడూ చేయించుకోనివారు హెపటైటిస్-బి, సి రక్త పరీక్షలు ఒక్కసారి చేయించుకోవాలి, సిరోసిస్ ఉందని తేలినవారు ఆరు నెలల స్కానింగ్‌ను ఒక్కసారి కూడా తప్పించుకోకూడదు.